గ్లోబు టీచరు స్టూడెంట్ వీసా

గ్లోబు టీచరు ముప్ఫైమూడేళ్లు పిల్లలకి ప్రపంచం చూపించింది గానీ, తను మాత్రం సరిహద్దు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. భర్త ఉన్నన్నాళ్లూ ఆయనకి బస్సెక్కితే చాలు కడుపులో తిప్పేది. ఆయన పోయాక ఎవరితో వెళ్లాలో తోచలేదు. రిటైరైన రోజు ఏం కావాలో కోరుకోమంటే, స్టాఫ్‌రూమ్ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన పాత గ్లోబు అడిగి తెచ్చుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, దీనికీ టిక్కెట్టు కొట్టాలా అని కండక్టరు అడిగాడట. అప్పటి నుంచి వీధిలో అందరికీ ఆవిడ గ్లోబు టీచరే.

రెండో అంతస్తులోని ఆ ఇంట్లో ఆవిడతోపాటు ఆడపడుచు కూడా ఉండేది. ఆడపడుచు ముద్దుపేరు బుల్లి. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని పెట్టిన పేరు. ఇప్పుడు గుమ్మాల్లోంచి తల వంచుకుని వెళ్లాల్సినంత పొడుగు, అయినా పేరు మారలేదు. ముప్ఫై ఏళ్లు కళ్లద్దాల షాపులో పనిచేసింది. గోడ మీది అక్షరాలు చదివించడం, అద్దాలు బిగించడం, ముక్కు మీద ఫ్రేము సరిగా కూర్చోబెట్టడం ఆవిడ పని. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నాకు కళ్లు బాగానే కనిపిస్తాయి కాబట్టి" అని నవ్వేసేది. మహమ్మారి వచ్చాక మాస్కు ఊపిరికి అద్దాలు మసకబారుతున్నాయని జనం షాపు మీద పడ్డారు. ఆ రద్దీకి ఓపిక చాలక ఓనరు షాపే మూసేశాడు. వదినా ఆడపడుచులిద్దరూ ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునే రోజులొచ్చాయి.

అలాంటి ఒకరోజు పాత స్కూలువాళ్లు ఫోన్లో ఒక్క పాఠం చెప్పమని బతిమాలారు. గ్లోబు టీచరు గ్లోబు ముందు పెట్టుకుని, భూమి వంగి తిరగడం వల్ల ఉత్తరాన ఎక్కడో వేసవిలో సూర్యుడు అస్తమించడనీ, చలికాలంలో వారాల తరబడి ఉదయించడనీ ఎప్పటిలాగే చెప్పింది. తెర మీద నలభై చిన్న చిన్న మొహాల్లోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"టీచర్, మీరు చూశారా?"

ముప్ఫైమూడేళ్లలో ఆ ప్రశ్న కనీసం ముప్ఫైమూడు సార్లు విని ఉంటుంది. ప్రతిసారీ "లేదమ్మా, పుస్తకంలో ఉంది" అనేది. ఆవేళ ఆ మాట నోట్లోంచి రాలేదు. నెట్‌వర్క్ పోయినట్టు కాసేపు కదలకుండా కూర్చుండిపోయింది. పిల్లలు నిజంగానే నెట్‌వర్క్ పోయిందనుకున్నారు.

సాయంత్రం బీన్స్ తుంచుతూ అంది. "బుల్లీ, మనం ఓ ఏడాది పాటు ఉత్తరానికి వెళ్దాం."

"ఏ ఉత్తరానికి వదినా? పోస్టులో వచ్చిందా?"

"దిక్కు ఉత్తరమే తల్లీ. సూర్యుడు అస్తమించని చోటికి."

బుల్లి చేతిలో బీన్సుకాయ అలాగే ఉండిపోయింది. "మెట్లు దిగి రొట్టె తెచ్చుకోవడానికే మాస్కు మీద మాస్కు కట్టుకుంటున్నాం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. పోనీ వెళ్దామే అనుకో, ఏడాదెందుకు? ఓ వారం చూసొచ్చేస్తే పోలా?"

"వేసవి ఒక్కటే చూస్తే సగం పాఠమే. ఆ వెలుగుకి సరిపడా చీకటి కూడా ఉంటుంది. సగం పాఠం చెప్పి నేనెప్పుడూ క్లాసులోంచి బయటికి రాలేదు."

చలి గురించో, విమానం గురించో, జబ్బు గురించో అడుగుతుందని టీచరు సమాధానాలు సిద్ధం చేసుకుంటోంది. బుల్లి అడిగింది ఒక్కటే. "నా పొడుక్కి ఉన్నికోటు దొరుకుతుందంటావా?"

అంతే. ఆ పూట బీన్స్ మాడిపోయాయి.

మర్నాటి నుంచి భోజనాల బల్ల ఆఫీసైపోయింది. దాని పైన గోడకి ప్రపంచపటం వేలాడదీసి, దేశం తలుపులు మూస్తే ఎర్ర గుండుసూది, సగం తెరిస్తే పసుపు, బార్లా తెరిస్తే ఆకుపచ్చ గుచ్చారు. వారం తిరిగేసరికి మ్యాపుకి తట్టు పోసినట్టైంది. ఎక్కడ చూసినా ఎరుపే. ఉత్తరాన వాళ్లనుకున్న దేశం ప్రతి గురువారం కొత్త జాబితా వేసేది. ఒక గురువారం పసుపు, మరో గురువారం ఎరుపు. ఊసరవెల్లికైనా ఓ పద్ధతుంటుంది, దీనికి అదీ లేదని బుల్లి గుండుసూదులు పీకుతూ గుచ్చుతూ విసుక్కునేది. టూరిస్టు వీసాకి తొంభై రోజులే గడువు, అదీ ఇప్పుడు ఇవ్వడం లేదు. చుట్టాలింటికి వెళ్లేవాళ్లని రానివ్వరు. వ్యాపారానికీ రానివ్వరు. అసలెవర్నీ రానివ్వరు.

అలా రెండు నెలలు గడిచాయి. మూడో నెలలో ఓ గురువారం బుల్లి షాపు నుంచి తెచ్చుకున్న భూతద్దం పెట్టి ఆ నిబంధనల ప్రింటు తీసిన కాగితం కిందికంటా చదివింది. అందరూ వదిలేసే, అడుగున ఉండే చీమ అక్షరాలు చదవడం ఆవిడ వృత్తి మరి.

"వదినా! ఇదేంటో విను. 'విద్యాసంస్థల్లో పూర్తి సంవత్సరపు కోర్సులో చేరినవారికి పై నిషేధం వర్తించదు.'"

"విద్యార్థులకా? పిల్లలకన్నమాట."

"పిల్లలని ఎక్కడుంది? వయసు మాటే లేదు. నాలుగుసార్లు చదివాను!"

ఇద్దరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. తర్వాత ఎవరు ముందు గెంతారో వాళ్లకే తెలియదు. కింద ఇంటాయన చీపురు కర్రతో కప్పుకి టకటకా కొట్టాడు. గ్లోబు టీచరు నేల మీదికి వంగి, "సారీ అండీ, సీటొస్తుంది!" అని అరిచింది.

వెతకగా వెతకగా ఆ దేశంలో సముద్రపుటొడ్డున చిన్న ఊళ్లో ఒక స్కూలు దొరికింది. పరీక్షలుండవు, మార్కులుండవు, పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా ఏడాది పాటు అక్కడే ఉండి ఏదో ఒకటి నేర్చుకోవచ్చు. టీచరు అక్కడి భాష నేర్పే కోర్సుకి అప్లికేషన్ పెట్టింది. వీడియోలో ఇంటర్వ్యూ. ఉన్నిటోపీ పెట్టుకున్న ప్రిన్సిపాలు మర్యాదగా, "మా దగ్గరికే ఎందుకు రావాలనుకుంటున్నారు?" అని అడిగాడు. ఆవిడ గ్లోబు ఎత్తి చూపించి భూమి వంపు గురించి మొదలుపెట్టింది. ఇరవై రెండు నిమిషాల తర్వాత ఆపింది. ఆయన చేతిలో కాఫీ చల్లారిపోయింది. "మీకు సీటిస్తున్నాం. ఇక్కడే పుట్టి పెరిగాను గానీ ఇది నాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

చిక్కు బుల్లితో వచ్చింది. విద్యార్థితో పాటు ఎవరు రావచ్చో ఫారంలో గళ్లున్నాయి. భార్య లేదా భర్త, పిల్లలు. ఇంకేం లేదు. టీచరు వీసా ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఆడపడుచుకి ఏ గడి నింపాలమ్మా?"

"ఆ గడి లేదండీ."

"భర్త అని గడుంది కదా. ఆడపడుచంటే అర్ధమొగుడంటారు మాలో. సగం గడి నింపొచ్చా?"

అవతలి అమ్మాయి నవ్వాపుకోలేక ఫోన్ చేత్తో మూసేసింది. తర్వాత పాపం, "ఆవిడ కూడా ఏదో ఒక కోర్సులో చేరిపోవడమే దారండీ" అని సలహా చెప్పింది.

భాష కోర్సు అప్పటికే నిండిపోయింది. నేత పనీ నిండిపోయింది. మిగిలింది ఒకటే, చెక్కపడవల తయారీ.

"నాకు ఈత కూడా రాదు వదినా!"

"పడవ చెయ్యమన్నారు, ఈదమన్లేదు."

ప్రిన్సిపాలు బుల్లిని, చెక్క పనిలో ఏమైనా అనుభవముందా అని అడిగాడు. "చెక్కతో లేదండీ. స్క్రూలతో ముప్ఫై ఏళ్లుంది. బియ్యపు గింజలో సగముండే స్క్రూలు బిగించాను. మీ పడవ స్క్రూలు ఇంకా పెద్దవేగా?" అంది బుల్లి. ఈత రాదన్న సంగతీ దాచలేదు. "అందుకే మునగని పడవ చేస్తాను" అని కూడా అంది. రెండు వారాల్లో సీటిచ్చామని ఉత్తరం వచ్చింది. ఈసారి నిజంగా పోస్టులోనే.

బ్యాంకులో పనిచేసే టీచరు కూతురు ఈ కబురు విని గుమ్మంలోనే నిలబడి, మాస్కు కూడా తియ్యకుండా దులిపేసింది.

"ప్రపంచమంతా ఇంట్లో కూర్చుంటే నువ్వు దేశం దాటతావా అమ్మా? అత్తా, నువ్వైనా చెప్పవేం?"

"చెప్పకేం? నేను పడవల కోర్సులో చేరానని చెప్పమంటావా?"

కూతురు అమ్మ వైపూ అత్త వైపూ మార్చి మార్చి చూసింది. ఇద్దరి మొహాల్లోనూ హైస్కూల్లో చేరబోయే పిల్లల వెలుగుంది. ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, "ఏదీ, ఆ కాగితాలిలా ఇవ్వండి. బ్యాంకు స్టేట్‌మెంట్ తప్పు సైజులో తీశారు" అంది.

వీసా సెంటరులో గాజు గది. కుర్చీ విడిచి కుర్చీ, చేతిలో టోకెన్. మొదటిరోజు టీచరు ఫొటో వెనక్కిచ్చారు, కళ్లద్దాల మీద వెలుగు పడిందని. బుల్లికి అది పరువు సమస్యైంది. అక్కడే వదిన కళ్లద్దాలు తీసుకుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఫ్రేము కాళ్లు రెండు డిగ్రీలు వంచి, "ఇప్పుడు తియ్యండి" అంది. వెలుగు పడలేదు. ఫొటో తీసే కుర్రాడు తన కళ్లద్దాలు కూడా తీసి ముందుకి తోశాడు.

అసలు గొడవ వేలిముద్రలది. టీచరు వేళ్లు గాజు పలక మీద ఎన్నిసార్లు పెట్టినా మెషీను ఎర్రదీపమే వెలిగించింది.

"ముద్రలు పడటం లేదండీ. ఏం పని చేసేవారు?" అంది కౌంటరులో అమ్మాయి.

"టీచర్ని."

"సుద్దముక్కలకి అరిగిపోయాయండీ. వారం రోజులు వేళ్లకి వేసలీన్ పట్టించి రండి."

ఆ వారమంతా గ్లోబు టీచరు చేతులకి నూలు తొడుగులేసుకుని మహారాణిలా కూర్చుంది. గిన్నె ముట్టలేదు, చీపురు ముట్టలేదు. కాగితం తిప్పాలన్నా, "బుల్లీ!" అనేది. "అర్ధమొగుణ్ననుకున్నాను గానీ పూర్తి పనిమనిషినయ్యాను" అని బుల్లి సణుగుతూనే తినిపించింది. ఎనిమిదో రోజు మెషీను పచ్చదీపం వెలిగించేసరికి వరసలో ఉన్న ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఇద్దరికీ వీసాలు వచ్చాయి. పండగలా ఉన్న ఆ ఇంటి మీద ఆ గురువారమే పిడుగు పడింది. కొత్త జాబితాలో ఫలానా ఫలానా టీకాలు వేయించుకున్నవాళ్లే రావాలని ఉంది. టీచరు వేయించుకున్న టీకా పేరుంది. బుల్లిది లేదు. ఇద్దరూ వేరువేరు రోజుల్లో, గదికో రకం టీకా వేసే కేంద్రంలో ఏ గదిలో వరస చిన్నగా ఉంటే ఆ గదిలోకి వెళ్లి వేయించుకున్నారు. అప్పుడెవరికి తెలుసు?

బుల్లి భూతద్దం పక్కన పెట్టేసింది. "నువ్వెళ్లు వదినా. నేను ఫొటోల్లో చూస్తాలే."

"ఆ మాట మళ్లీ అన్నావంటే వీసా చింపేస్తాను."

"చింపకు, వేలిముద్రలు అరిగిపోతాయి" అంది బుల్లి.

టీచరు ఆ దేశపు ఆరోగ్యశాఖకి ఒక ఉత్తరం రాసింది. మా ఆడపడుచు టీకాని మీరు ఎప్పుడు ఒప్పుకుంటారు, దయచేసి తెలపగలరు అని. వారం తర్వాత ఇంకోటి. ఆ పై వారం ఇంకోటి. ప్రతిదానికీ వరస నంబరు వేసింది. మీ ఉత్తరం అందింది అన్న జవాబు తప్ప ఏదీ రాలేదు. విమానం టిక్కెట్లు రెండుసార్లు రద్దయ్యాయి. స్కూలు ఫిబ్రవరిలో మొదలవుతుంది. జనవరి మూడో గురువారం ఉదయం జాబితా తెరిచిన బుల్లి వంటింట్లోకి వెళ్లి వదిన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, తెర మీద వేలు పెట్టింది. జాబితా చివర కొత్తగా రెండు పేర్లు చేర్చారు. రెండోది బుల్లి టీకా. టీచరు ఉత్తరాల వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. అయినా బుల్లి ఆ రోజంతా, "పద్నాలుగో ఉత్తరానికి దిగొచ్చారు!" అని ఫోన్లో అందరికీ చెప్పింది. కింద ఇంటాయనకైతే మెట్ల మీద నిలబడి చెప్పింది.

ఇక మిగిలింది ఒక్క పరీక్షే. విమానం దిగే సమయానికి డెబ్భై రెండు గంటలు దాటకుండా ముక్కులో పుల్ల పెట్టించుకున్న రిపోర్టు ఉండాలి. సోమవారం ఉదయం సరిగ్గా పదింటికి ల్యాబులో పెట్టించుకున్నారు. ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. బుధవారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో కౌంటరు కుర్రాడు కాగితాలన్నీ చూసి, వేళ్ల మీద లెక్కపెట్టి తల అడ్డంగా ఊపాడు.

"మీరు దిగేది గురువారం పన్నెండింటికి. సోమవారం పది నుంచి డెబ్భై నాలుగు గంటలు. రెండు గంటలు దాటిందండీ. ఎక్కించలేం."

బుల్లి కాగితాలు తీసి సంచిలో సర్దెయ్యబోయింది. గ్లోబు టీచరు మాత్రం పెట్టె కింద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుంది. ఆవిడ క్లాసులో అడుగుపెట్టేటప్పుడు అలాగే చేసేదట.

"బాబూ, గురువారం పన్నెండనేది ఎవరి గడియారంలో?"

"టిక్కెట్టు మీద ఉందిగా. అక్కడి టైమే."

"సోమవారం పదనేది?"

"ఇక్కడిది."

"మరి ఇంగువనీ బెల్లాన్నీ కలిపి తూకం వేస్తావేం నాయనా? బుల్లీ, వంగు."

బుల్లి వంగింది. టీచరు ఆవిడ తలని రెండు చేతుల్తో పట్టుకుంది. "ఇది భూమి. ఈ ముక్కు మనమున్న చోటు. తూర్పుకి డెబ్భై ఐదు డిగ్రీలు వెళ్తే ఇదిగో, ఎడమ చెవికి కాస్త ఇవతల మేం దిగే ఊరు. ఆ దీపం సూర్యుడు. భూమి ఇలా తిరుగుతుంది." బుల్లి తల మెల్లగా తిరిగింది. "వెలుగు ముందు ఎక్కడ పడింది?"

"చెవి మీద" అంది వరసలో వెనకున్న ఓ ముసలాయన.

"గంటకి పదిహేను డిగ్రీలు. డెబ్భై ఐదుకి?"

"ఐదు గంటలు!" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

"చెవి దగ్గర పన్నెండైతే ముక్కు దగ్గర?"

"ఏడు" అన్నాడు కౌంటరు కుర్రాడే, తనకి తెలియకుండా.

"ఎన్ని గంటలైనట్టు?"

"అరవై తొమ్మిది." కుర్రాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. పై అధికారిని పిలిచాడు. ఆవిడ కంప్యూటర్లో చూసి అరవై తొమ్మిదే అంది. "ఇక లేవనా వదినా? నడుం పట్టేసింది" అని భూమి అడిగింది.

అక్కడ దిగాక పది రోజులు హోటల్లో క్వారంటైన్. ఆడపడుచు కుటుంబం కిందికి రాదు కాబట్టి వేరు గదులు. గోడకి అటూ ఇటూ కూర్చుని ఫోన్లో మాట్లాడుకున్నారు. భోజనం పెట్టె గుమ్మం బయట పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేవారు. టీచరు రోజూ కిటికీలోంచి సూర్యుడు ఎన్ని నిమిషాలున్నాడో రాసుకునేది. "ఇవాళ నిన్నటికన్నా ఏడు నిమిషాలు ఎక్కువే బుల్లీ!" అని కేకేసేది. బుల్లి కర్టెన్ తాడుతో పడవ ముళ్లు వెయ్యడం నేర్చుకుని, ఆరో రోజు ఒక ముడి విప్పలేక కర్టెన్ మొత్తం ఊడదీసింది.

ఆ తర్వాత ఏడాదంతా వాళ్లకి వెళ్లిన పని అయింది. జూన్‌లో సూర్యుడు నిజంగానే అస్తమించలేదు. గ్లోబు టీచరు మూడు రోజులు రెప్ప వెయ్యకపోతే స్కూలు నర్సు కిటికీకి నల్లగుడ్డ కొట్టించింది. డిసెంబరులో సూర్యుడు నిజంగానే రాలేదు, ఆవిడ పాఠం రెండో సగమూ పూర్తయింది. బుల్లి పడవ తేలింది, కాస్త ఎడమకి ఒరిగి. కానీ ఆ ఏడాది గురించి అడిగితే ఇద్దరూ ముందు చెప్పేది క్వారంటైన్ వదిలిన పొద్దుటి సంగతే.

పదకొండో రోజు ఉదయం తలుపులు తెరిచారు. పది రోజుల తర్వాత ఒకరినొకరు చూసుకుని, పెట్టెలు వదిలేసి కావిలించుకున్నారు. స్కూలు అర మైలే, నడిచే వెళ్దామన్నారు. బయట మోకాలి లోతు మంచు. నాలుగో అడుగులో టీచరు జారి కూర్చుండిపోయింది. లేపబోయి బుల్లి పడింది, ఆ పొడుగుకి పడటానికే కాస్త సమయం పట్టింది. అటుగా ఉత్తరాలు పంచుతూ పోతున్న ఆవిడ సంచి పక్కన పెట్టి వీళ్లని లేపబోయి, తనూ పడింది. ముగ్గురూ మంచులో కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, కడుపు పట్టుకుని నవ్వారు.

"లే వదినా, మొదటిరోజే క్లాసుకి ఆలస్యమవుతుంది."

"ఉండవే, ఇంకొంచెంసేపు పడుందాం" అంది గ్లోబు టీచరు.